నీళ్ళు వాటంతట అవే దిగుతాయి

మా సార్ పోయారన్న కబురు నాకు ఒక కట్టు మధ్యలో అందింది. రేపల్లెలో నా క్లినిక్‌లో కూర్చుని ఒక పెద్దాయన మడమ పుండుకు కట్టు విప్పుతున్నాను. ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక నర్సమ్మను స్పీకరు పెట్టమన్నాను. తెనాలి నుంచి సార్ తమ్ముడు మాట్లాడారు. పొద్దున నమాజు చేసుకుని కాసేపు పడుకుంటానన్నాడట అన్నయ్య, మళ్ళీ లేవలేదట. సాయంత్రం నమాజు అయ్యాక తీసుకెళ్తామని, వీలైతే రమ్మని చెప్పారు.

నేను వెంటనే లేవలేదు. సగం విప్పిన కట్టు పూర్తిగా విప్పి, కడిగి, మందు పెట్టి, మళ్ళీ కట్టాకే లేచాను. ఎవరు బాబూ పోయింది అని పెద్దాయన అడిగాడు. మా సార్ అన్నాను. ఏ బళ్ళో సారు అని మళ్ళీ అడిగాడు. అంతకు మించి చెప్పే ఓపిక అప్పుడు లేకపోయింది. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. వాళ్ళందరికీ రేపు రమ్మని చెప్పి, కొందరి విసుగు భరించి, స్టేషనుకు నడిచాను. ఆ పెద్దాయనకు చెప్పనిది మీకు చెబుతాను.

ఆయన నాకు ఏ బళ్ళోనూ, ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. తెనాలిలో కాలవ పక్క సందులో, ఒక బట్టల కొట్టు పైన, చాలా ఏళ్ళుగా చర్మవ్యాధుల క్లినిక్ నడిపిన డాక్టరు. తామర, గజ్జి, శోభి, మొటిమలు, పెళ్ళి కుదిరాక ముఖం మీద మచ్చ కనిపించి కంగారు పడ్డ ఆడపిల్లలు, వీటితోనే ఆయన రోజు గడిచిపోయేది. పెద్ద ఊళ్ళ నుంచి పిలుపులొచ్చే మనిషి కాదు. అయితే మా జిల్లాల్లో ఏ డాక్టరుకైనా ఎంతకీ మానని పుండు ఎదురైతే, ఎవరో ఒకరు ఆయన పేరు చెప్పేవారు. నేను బాపట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరిన కొత్తలో అలాగే ఒక రోగిని వెంటబెట్టుకుని ఆ మెట్లెక్కాను. ఆ తర్వాత ఖాళీ దొరికిన ఆదివారమల్లా బండెక్కి తెనాలి వెళ్ళి ఆయన పక్కన కూర్చోవడం అలవాటైపోయింది. ఆయన రమ్మనలేదు, వద్దనలేదు. వెళ్ళిన మొదటిరోజు ఒక స్టూలు చూపించారు, అంతే.

ఆ గదిలో రోగికి ఒక కుర్చీ ఉండేది. పక్కన ఇంకో కుర్చీ. అది తోడొచ్చినవాళ్ళ కోసం కాదు, ఇంట్లో పుండు కడిగేవాళ్ళ కోసం. కొడుకు తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే, ఇంట్లో కట్టు విప్పేది నువ్వేనా అని అడిగేవారు. కాదండి, మా ఆవిడ అంటే, అయితే ఈసారి ఆవిణ్ణి పంపించు నాయనా అనేవారు. కొందరు మొహం చిట్లించుకునేవారు. ఫీజు ఇచ్చి చూపించుకుంటుంటే ఈ పరీక్షలేంటని ఒకాయన మెట్ల మీద గొణుక్కుంటూ పోవడం నేను విన్నాను.

కడిగే మనిషి వచ్చాక ఆయన తన ఎడమ చెయ్యి చాపేవారు. ఎప్పుడూ పొట్టి చేతుల చొక్కాయే వేసుకునేవారు. బేసిను, చెంబు, గుడ్డముక్కలు అక్కడే ఉండేవి. "ఇంట్లో పుండు ఎట్లా కడుగుతున్నావో నా చెయ్యి మీద కడిగి చూపించు" అనేవారు. జనం మొహమాటపడేవారు. డాక్టరుగారి చెయ్యి ఎలా పట్టుకోవడమని నవ్వేవారు. ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసేవారు కాదు. చివరికి వాళ్ళు కడిగి చూపించేవారు. ఒకామె సబ్బుతో నురగ వచ్చేదాకా తోమింది. ఒకాయన పసుపు ముద్ద అద్ది, ఎండాక గోటితో గీకాడు. సాయంత్రానికి సార్ ఎడమ ముంజెయ్యి ఎర్రబడి ఉండేది. వెనక గదుల్లోనే ఉన్న ఇంట్లోంచి టీ తెచ్చే అమ్మగారు, అంటే సార్ భార్య, ఆ చెయ్యి చూసి ఉర్దూలో ఏదో కోప్పడి, కొబ్బరినూనె రాసి వెళ్ళేవారు. టీ మాత్రం ఆయన చల్లారిపోయాకే తాగేవారు.

నాకు మొదట్లో ఇదంతా చాదస్తంగా అనిపించేది. ఓసారి అడిగేశాను కూడా. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "మనం మందు రాసేది వారానికోసారి. వీళ్ళు కడిగేది రోజూ. ఏది ఎక్కువ పనిచేస్తుందో నువ్వే చెప్పు" అన్నారు. నేను సరేనని తలూపాను గానీ, అది నాకు నిజంగా తెలిసింది బాపట్లలోనే.

బాపట్ల అవతల సముద్రపొడ్డున పల్లెపాలెంలో ఉండే ఒకామె మా ఆసుపత్రికి వచ్చింది. నలభై దాటిన మనిషి. భర్త వేటకు వెళ్తాడు, ఆమె గంప నెత్తిన పెట్టుకుని బాపట్ల మార్కెట్లో చేపలమ్ముతుంది. మోకాలి కింద, కాలి ముందు భాగాన చిన్న చీముపొక్కు లేచింది. చేపముల్లు గుచ్చుకుని ఉంటుందనుకుంది. చేపల మధ్య బతికేవాళ్ళకు అలాంటివి మామూలే. కొద్దిరోజుల్లోనే ఆ పొక్కు పగిలి అరచెయ్యంత పుండైంది. అంచులు నేరేడుపండు రంగులో ఉబ్బి, లోపలికి గుల్లగా ఉన్నాయి. దుప్పటి అంచు తగిలినా ఆమె పళ్ళు బిగబట్టేది. అన్నిటికన్నా నాకు ఆ నొప్పే అర్థమయ్యేది కాదు. పుండుకు తగిన నొప్పి కాదది.

మా సర్జన్ నెమ్మదస్తుడు, చెయ్యి తిరిగినవాడు. సముద్రపు నీళ్ళలో నానిన కాలు, చీము, జ్వరం చూసి ఎవరైనా ఏమనుకుంటారో ఆయనా అదే అనుకున్నాడు. పట్టిన క్రిమికి గట్టి మందులు పెట్టి, కుళ్ళిన కండ కోసి శుభ్రం చేశాడు. కొంచెం తేరుకున్నాక ఇంటికి పంపి, మధ్యమధ్యలో కట్టుకు రమ్మన్నాం. వచ్చిన ప్రతిసారీ పుండు ముందుకంటే పెద్దదయ్యే ఉండేది. మళ్ళీ కోశాడు, మళ్ళీ పెరిగింది. పుండు నుంచి తీసిన చీము పరీక్షలో ఒకసారి ఏదో క్రిమి ఉందని, ఒకసారి ఏమీ లేదని వచ్చేది. చివరికి ఒక శనివారం సర్జన్ ఆమెను మళ్ళీ ఆసుపత్రిలో చేర్చుకుని, ఆమె భర్తను పిలిచి, పుండు మోకాలి దాకా పాకితే ప్రాణానికే ముప్పని, ఆ లోపు మోకాలి కింద నుంచి కాలు తీసేయాల్సి ఉంటుందని చెప్పాడు. సోమవారం అనుకున్నారు.  ఆ భర్త బయట వరండాలో గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. లోపల ఆమె మాత్రం నన్ను పిలిచి, కాలు లేకపోతే గంప ఎట్టా ఎత్తుకుంటానండి అని అడిగింది. 

ఆదివారం పొద్దున్నే తెనాలి వెళ్ళి, ఫోనులో తీసిన ఫొటోలు సార్ ముందు పెట్టాను. ఆయన ఒకటి చూసి ఫోను నాకే ఇచ్చేశారు. దీంట్లో నొప్పి కనబడదయ్యా అన్నారు. లోపలికెళ్ళి అమ్మగారికి ఏదో చెప్పి, చెప్పులేసుకుని, నాతోపాటు బండెక్కారు.  దారిలో ఒకటి అడిగారు. కోసిన తర్వాత తగ్గిందా, పెరిగిందా? పెరిగిందన్నాను. ప్రతిసారీనా? ప్రతిసారీనే. ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరవకుండానే, "అలసిపోయిన డాక్టరుకి ప్రతి పుండూ క్రిమి పట్టిన పుండే. మీ సర్జన్‌ని ఏమీ అనొద్దు. ఆ ఊళ్ళో ఆయనొక్కడే ఎంతమందిని చూస్తాడు" అన్నారు.

సర్జన్ గారు ఆయన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నాకు మాత్రం ఆ కాలు తియ్యాలని ఉందా సార్, మీరు చూడండి అన్నాడు. సార్ మంచం పక్కన కూర్చుని కళ్ళజోడు తీసేశారు. ఆయనకు దగ్గరి చూపు కళ్ళజోడు లేకుండానే బాగుంటుంది. పుండు అంచుల మీదికి వంగి చాలాసేపు చూశారు, దేన్నీ ముట్టుకోలేదు. పాదం మీద నాడి చూశారు. తర్వాత ఆమెను అడిగిన మొదటి ప్రశ్న కాలు గురించి కాదు. కడుపెలా ఉంటుందమ్మా అని.

ఆమె భర్త వైపు, నా వైపు చూసింది. సార్ మా ఇద్దర్నీ బయటికి పొమ్మని సైగ చేశారు. మేము మళ్ళీ లోపలికి వచ్చేసరికి ఆమె చెప్పేసింది. నెలల తరబడి రక్తం, జిగట కలిసి విరేచనాలవుతున్నాయట. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి సర్దుకుందట. మార్కెట్లో పగలంతా కూర్చోవాలి కాబట్టి చీకటితోనే ఆ ఇబ్బందులన్నీ ముగించుకుని బయల్దేరేదట. కాలికీ కడుపుకీ ఏంటండి సంబంధం అని ఆమె అడుగుతోంది. ఉందో లేదో చూద్దాం చెల్లెమ్మా అన్నారు సార్. తర్వాత ఎప్పటి మాటే అడిగారు. ఇంటి దగ్గర ఇది కడిగేది ఎవరు?

నేనేనండి అన్నాడు భర్త.

సార్ కుర్చీ చూపించి ఎడమ చెయ్యి చాపారు. నర్సు బేసిను తెచ్చింది. ఆ మనిషి మొహమాటపడలేదు. పని చేసి చూపించమంటే సంతోషపడే రకం. సముద్రం నీళ్ళు క్యాన్‌తో తెచ్చి కాచి చల్లార్చి వాడతానని, ఇక్కడ అవి లేవు కాబట్టి మామూలు నీళ్ళతోనే చూపిస్తానని చెప్పాడు. తువ్వాలు తడిపి, పిండి, సార్ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మోచేతి నుంచి మణికట్టు దాకా ఎంతో శ్రద్ధగా రుద్దుకుంటూ వచ్చాడు. మళ్ళీ మోచేతి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. చర్మం కందిపోయి, ఒకచోట గీరుకుపోయింది. నేను ఆపబోతే సార్ రెండో చేత్తో వద్దన్నారు.

"ఎర్రగా కొత్త నెత్తురు కనపడేదాకా తుడిస్తేనే కుళ్ళు పోద్దండి. మావోళ్ళు చేపముల్లు దిగినా అట్టాగే చేస్తారు. ఇదైతే ఏడుస్తది. ఏడ్చినా నేను మాత్రం ఒక్కరోజు మానలేదండి" అన్నాడతను.

ఆ చివరి మాట అతను గొప్పకు చెప్పలేదు. రాత్రంతా వేటలో ఉండి వచ్చి, నిద్రపోకుండా, ముందు ఆమె కాలు కడిగేవాడట. ఆమె కూడా తలూపింది. ఈయన మానలేదండి, పాపం అంది.

సార్ తన చెయ్యి తీసుకుని, అతని చెయ్యి పట్టుకున్నారు. అరచెయ్యి తిప్పి చూశారు. వల తాళ్ళు లాగి లాగి కాయలు కాసి, చెప్పు అట్ట మాదిరి అయిపోయింది. ఆ కాయ మీద సార్ తన గోరుతో గట్టిగా నొక్కారు. అతను సార్ మొహం వైపే చూస్తున్నాడు. తెలుస్తోందా తమ్ముడూ అని సార్ అడిగితే, "ఏంటండి?" అన్నాడు.

ఆ గోటి నొక్కు అతనికి అసలు తెలియనే లేదు.

తర్వాత సార్ విడమర్చి చెప్పారు, వాళ్ళిద్దరికీ, మా సర్జన్ గారికీ కలిపి. చూడ్డానికి అచ్చం క్రిమి పట్టినట్టే ఉండి క్రిములతో పని లేని పుళ్ళు కొన్ని ఉంటాయి. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి సొంత చర్మాన్ని తినేస్తుంది. దాన్ని కోసినా రేగుతుంది, రుద్దినా రేగుతుంది. చాలాసార్లు పేగుల్లో ఉన్న జబ్బు దానికి తోడుంటుంది. దాని పేరు పయోడెర్మా గ్యాంగ్రెనోసమ్. ఆ పేరు పెట్టినవాళ్ళు కూడా దాన్ని చీమూ కుళ్ళూ అనే అనుకున్నారని, కాబట్టి మనం అనుకోవడంలో వింతేం లేదని అన్నారు. ఇదే అని తాను ఇప్పుడే చెప్పనని, ఇది కాదని కూడా ఎవరూ తేల్చలేదని, తేలేదాకా కాలి జోలికి వెళ్ళొద్దని అడిగారు. అంచు నుంచి చిన్న ముక్క తీసి గుంటూరు పంపాలి. క్షయ, ఫంగస్ అనే బూజు, రక్తనాళాల జబ్బు, కాన్సర్, ఒక్కొక్కటీ కాదని తేల్చుకోవాలి. అన్నీ కాదని తేలితే, ఒంటి ఎదురుదాడిని తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. క్రిమి ఉన్న పుండుకు ఆ మందు పడితే క్రిమి విజృంభించి ప్రాణం మీదికి వస్తుందని అక్కడున్న డాక్టర్లందరికీ తెలుసు. సర్జన్ గారు ఆ మాటే అన్నాడు. నాకూ భయమేనండి, తప్పయితే నా పేరు చెప్పండి అన్నారు సార్.

భర్త ఇవేవీ వింటున్నట్టు లేడు. తన రెండు అరచేతులూ చూసుకుంటున్నాడు.

"అంటే నేనే పెంచానాండి?"

సార్ కళ్ళజోడు పెట్టుకున్నారు. "నువ్వు కాదు. రోగం పెరిగింది. నీ చేతులు ఎంత గట్టివో నీకు తెలియదు, అది దానికి కలిసొచ్చింది."

"అయితే ఇంక నేను ముట్టుకోనండి. నర్సమ్మగారి చేత చేయించండి."

నాకూ అదే సరైనదనిపించింది. సార్ ఒప్పుకోలేదు. "కుదరదు తమ్ముడూ. నర్సమ్మ ఎప్పుడన్నా చూస్తుంది, నువ్వు రోజూ చూస్తావు. ఇది మానినా నువ్వు కడుగుతుంటేనే మానాలి" అన్నారు. బేసిను మళ్ళీ ముందుకు లాగి, గీరుకుపోయిన ఆ చెయ్యే మళ్ళీ చాపారు. తువ్వాలు తీసి నర్సుకిచ్చేశారు. చెంబులో కాచి చల్లార్చిన నీళ్ళు పోయించారు. "పుండు మీద పొయ్యొద్దు. దాని పైన మంచి చర్మం ఉంది చూడు, అక్కడ పొయ్యి. చెంబు బాగా కిందికి దించు. ధార సన్నగా రావాలి. ఇంక నువ్వేం చెయ్యొద్దు. నీళ్ళు వాటంతట అవే దిగుతాయి."

అతను పోశాడు. మొదట భళ్ళున పడ్డాయి. మళ్ళీ పొయ్యమన్నారు. ఇంకోసారి, ఇంకోసారి. నాకు విసుగు పుట్టింది, రాత్రి డ్యూటీ చేసి ఉన్నాను, పైగా ఆకలి. సార్ నాకంటే ఎక్కువ అలసిపోయి ఉన్నారు, మొహంలో తెలుస్తోంది. అయినా ఆ ముతక చేతుల్లో ధార సన్నబడేదాకా తన చెయ్యి తియ్యలేదు.

గుంటూరు నుంచి ఫలితాలు వచ్చేదాకా మేమెవరం సరిగా నిద్రపోలేదు. సర్జన్ గారు రోజూ వచ్చి పుండు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, మర్నాడు అది గీత దాటిందా అని చూసేవాడు. కోయడం, రుద్దడం ఆగాక ఆ పాకడం నెమ్మదించింది. ఫలితాల్లో క్షయ లేదు, బూజు లేదు, కాన్సర్ లేదు. మందు మొదలుపెట్టాం. మొదట పోయింది నొప్పి. ఒక పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె కాలి మీద దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. అన్ని వారాల్లో ఆ కాలి మీద దుప్పటి చూడటం అదే మొదటిసారి. తలుపు దగ్గరే ఆగిపోయి సార్‌కు ఫోను చేశాను. దుప్పటి కప్పుకుంది సార్ అన్నాను.  సరే, లేపకు అని ఫోను పెట్టేశారు.

తర్వాత గుంటూరులో కడుపు డాక్టరు గొట్టం వేసి చూస్తే పెద్దపేగులో పుళ్ళు కనిపించాయి. దానికీ వైద్యం మొదలైంది. కాలు మానడానికి నెలలు పట్టింది. మానినచోట జల్లెడ మాదిరి చిల్లుల మచ్చ మిగిలింది. ఆమె మళ్ళీ గంప ఎత్తుకుంది. వలలో చందువా చేపలు పడ్డప్పుడల్లా మొగుడూ పెళ్ళాం తెనాలి వెళ్ళి సార్ ఇంట్లో ఇచ్చి వచ్చేవారు. క్లినిక్ మెట్లన్నీ నీచువాసనని అమ్మగారు విసుక్కుంటూనే పులుసు పెట్టేవారు. ఆదివారం నాకూ ఓ గిన్నె దొరికేది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఎక్కడ పుండు చూసినా ఇదే రోగం అనేవాణ్ణి. కొల్లూరు లంకల్లో అరటి సాగుచేసే ఒక రైతును ఇలాగే సార్ దగ్గరికి తీసుకెళ్ళాను. నేరేడు రంగు అంచుంది, నొప్పుంది, పెరుగుతోంది, అన్నీ సరిపోయాయి అనుకున్నాను. దారంతా ఆ రైతుకు ధైర్యం చెప్పుకుంటూ వెళ్ళాను. సార్ ముక్క తీసి పంపితే బూజు అని తేలింది. స్టెరాయిడ్ పడి ఉంటే కాలు కాదు, మనిషే దక్కేవాడు కాదు. సార్ నన్ను ఏమీ అనలేదు గానీ చాలాకాలం ఆట పట్టించారు. నేను మెట్లెక్కగానే, "ఏమయ్యా, ఈవారం అరుదైనవి ఎన్ని తెచ్చావు?" అనేవారు. ఆ రైతు పంపిన అరటిగెల కోసి పెడుతూ కూడా అదే మాట.

రేపల్లెలో సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాక నా ఆదివారాలు తగ్గిపోయాయి. ఆయన కూడా సాయంత్రాలు మానేశారు. మోకాళ్ళు సహకరించక మెట్లు దిగడం తగ్గించారు. కిందటి వేసవిలో వెళ్ళినప్పుడు నేను నా గోడు వెళ్ళబోసుకున్నాను. రోజంతా చూసినా ఒకటే పుండును చూస్తున్నట్టుంది సార్, మనుషులు కనబడటం మానేశారు అన్నాను. ఏదో ఒక మంచిమాట చెబుతారనుకున్నాను. ఆయన టీ వైపు చూస్తూ, "అలాంటప్పుడు తలుపేసుకుని కాసేపు పడుకో. పేరు తొందరగా పెట్టబుద్ధయిందంటే ఇంటికి పోవాలనిపిస్తోందని అర్థం. పోవడంలో తప్పు లేదు, పేరు పెట్టి పోవడమే తప్పు" అన్నారు. తర్వాత ఎడమ ముంజెయ్యి నిమురుకుంటూ, నాకూ అలసటగానే ఉందయ్యా అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు, అదే చివర. ఆ రోజు నేను ఇంకాసేపు కూర్చోవాల్సింది. బండి టైమైందని లేచాను.

కబురు విని రేపల్లెలో నేనెక్కిన బండిలోకి భట్టిప్రోలులో కూలిపనికి వెళ్ళొచ్చే ఆడవాళ్ళు ఎక్కి, నా పక్కన మూటలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకామె వేలికి గుడ్డ చుట్టి ఉంది. ఇంకెప్పుడైనా అయితే అడిగేవాణ్ణి. ఆ రోజు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. తెనాలి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇంటి ముందు సందు నిండిపోయింది. స్నానం చేయించడం అప్పటికే అయిపోయింది. తెల్లగుడ్డలో చుట్టి ఉన్న మనిషి చెయ్యి ఎలాగూ కనబడదు, అయినా నా కళ్ళు అటే పోయాయి. లోపలి గదిలో ఆడవాళ్ళ మధ్య ఉన్న అమ్మగారు గుమ్మం దాకా వచ్చారు. "ఆ చెయ్యి దగ్గర నెమ్మదిగా పొయ్యమని మా మరిదికి చెప్పాను బాబూ. రుద్దొద్దన్నాను" అన్నారు. ఆమె వెనకాల గోడవారగా చేపలమ్మే ఆమె కూర్చుని ఉంది. కాలు చాపుకుని, చీర అంచు పైకి జరిగి ఉంది. ఆ జల్లెడ మచ్చ దాచుకోవాలన్న ధ్యాస ఆమెకు లేదు. భర్త బయట మగవాళ్ళతో ఉన్నాడు. వేట దిగి అలాగే వచ్చినట్టున్నాడు, లుంగీకి ఉప్పు ఆరి ఉంది. పాడె మోసే వంతు అతనికీ ఇచ్చారు, నాకూ ఇచ్చారు.

కబరస్తాన్‌లో ప్రార్థన అయ్యాక, అందరం వంతులవారీగా మట్టి వేశాం. దగ్గరివాళ్ళు పారలతో మట్టి లాగి పైన దిబ్బ సర్దారు. కొత్తమట్టి కుదురుకోవడానికి దాని మీద నీళ్ళు పొయ్యడం వాళ్ళ ఆచారం. సార్ తమ్ముడు బిందె ఎత్తడానికి వంగారు. ఆ పల్లెపాలెం మనిషి రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు.

"నేను పొయ్యొచ్చాండి?"

తమ్ముడు అతని మొహం చూశారు, ఎవరో గుర్తుపట్టినట్టున్నారు. బిందె అతని చేతికిచ్చారు. అతను తల వైపు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వదులుగా ఉన్న మట్టి మీద పొయ్యలేదు. తలవైపు పారతో కొట్టి గట్టిపరిచిన చోట బిందె మూతి మట్టికి ఆనేంత కిందికి దించి, సన్నటి ధార వదిలాడు. ఆ పెద్ద చేతుల్లో బిందె కదలకుండా ఉంది. జనం ఒక్కొక్కరే వెనక్కి తిరుగుతున్నారు. అతను తొందరపడలేదు. నీళ్ళు తలవైపు నుంచి మెల్లగా పాకి, దిబ్బ పొడుగునా కాళ్ళ దాకా దిగాయి. మట్టి అంతా తడిసింది, ఎక్కడా చిన్న గుంట కూడా పడలేదు.